రెండు గదుల రాజమహల్

"ఒక్క కర్టెన్‌తో మొదలైందిరా ఇదంతా," అన్నాడు దర్జీ మామ, టీ గ్లాసు బల్ల మీద పెట్టి.

పెద్దవాళ్ళ బంగళాలకి కర్టెన్లు కుట్టడం ఆయన పని. ఉండేది నాలుగో అంతస్తులో రెండు గదుల అద్దె ఇల్లు. సాయంత్రం పని ముగించుకుని నేరుగా టీ కొట్టుకే వస్తాడు. ఆ రోజు బెంచీ మీద రిటైరైన బస్సు డ్రైవరు, కొరియర్ కుర్రాడు ఉన్నారు. పెయింటరు అప్పుడే వచ్చి చివర్లో కూర్చున్నాడు.

"ఒక బంగళాలో రాజుల కాలంనాటి పద్ధతిలో కావాలంటే ముప్ఫై కిటికీలకి మఖమల్ కర్టెన్లు కుట్టాను. ముక్కలు మిగిలితే పారేయమన్నారు. పారేస్తానా? ఇంటికి తెచ్చి, అతుకు కనబడకుండా కలిపి, మా హాలు కిటికీకి వేలాడదీశాను. మీ అత్త చూసి, 'దీని ముందు మన గోడలు వెలవెలబోతున్నాయండీ' అంది. ఇరవై రెండేళ్ళుగా ఊళ్ళో వాళ్ళ గోడలన్నీ కొలిచినవాణ్ణి, నా గోడల్ని ఆ మాట అంటే ఊరుకుంటానా? ఆ ఆదివారమే స్తంభం నిలబెట్టాను."

"ఒక్కటేనా మామా?" అన్నాడు కొరియర్ కుర్రాడు.

"ఒక్క స్తంభం నిలబెడితే కరెంటు స్తంభం అంటారురా. ఎనిమిది పెట్టాను. తీరా చూస్తే వాటి ఎత్తుకి పైకప్పు చాల్లేదు. స్టూలెక్కి భుజంతో కాస్త నెట్టాను. తెల్లారి లేచేసరికి పై ఇంటివాళ్ళు ఐదో అంతస్తులోంచి ఏడో అంతస్తుకి పోయారు. గాలి బాగా వస్తోందని కిందికి దిగొచ్చి మరీ చెప్పి వెళ్ళారు."

"పన్నెండడుగుల హాల్లో ఎనిమిది స్తంభాలు పెడితే నువ్వెక్కడ పడుకున్నావయ్యా?" అన్నాడు డ్రైవరు.

"అక్కడికే వస్తున్నా. పైకి లాగితే పక్కకీ సాగదా? గుడ్డ సంగతి నాకు తెలీదా? హాలు ఎంత సాగిందంటే, మంచం మీంచి మీ అత్తని కాఫీ అడిగితే ఆ మాట వంటింటికి చేరేసరికి మధ్యాహ్నం. ఆవిడ నడిచొచ్చేసరికి కాఫీ చల్లారిపోయేది. దాంతో దారి మధ్యలో ఓ పొయ్యి పెట్టించాను. వెనక ఏనుగుల సాల కట్టాను. ఏనుగు లిఫ్టులో పట్టదంటే తొండం ముందు పంపించి, తక్కినదాన్ని మెట్ల మీంచి ఎక్కించాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా? పోయిన వారం ఇంటి ఓనరు వచ్చాడు. గోడలు మళ్ళీ తెల్లగా ఉండాలి, లేదంటే ఇల్లు ఖాళీ చెయ్యి అన్నాడు."

"మరి నువ్వేమన్నావు?" అన్నాడు డ్రైవరు.

"ఇందులో మీ ఇల్లెక్కడుందో చూపించండి, ఖాళీ చేస్తానన్నాను. టేపు పట్టుకుని లోపలికి వెళ్ళాడు. మూడు రోజులు రాలేదు. వెతికితే ఏనుగుల సాలలో దొరికాడు, గడ్డం ఇంత పెరిగింది. మీ వాకిట్లో కావలి ఉద్యోగం ఇప్పించండి, ఇక్కణ్ణించి కదల్లేను అన్నాడు. ఆలోచిస్తానన్నాను."

డ్రైవరు నవ్వి నవ్వి పొలమారి దగ్గాడు. పెయింటరు మాత్రం నవ్వలేదు.

"మామా, నేనిప్పుడు మీ ఇంటి నుంచే వస్తున్నా. మధ్యాహ్నం ఓనరే నన్ను వెంటబెట్టుకుని తీసుకెళ్ళాడు," అన్నాడు.

మామ గ్లాసు అందుకోబోయి ఆగాడు.

"కర్టెన్ ఉంది, బాగుంది. స్తంభాలు రెండే. అవీ గోడ మీద రంగుతో గీసినవి. రెండోది నడుం దాకా వచ్చి ఆగిపోయింది. అంతా తెల్లగా కొట్టేయమన్నాడు."

మామ చెవులు ఎర్రబడ్డాయి, తల మాత్రం వంచలేదు.

"కొట్టెయ్. నువ్వు పొట్టకోసం చేస్తావు, నిన్నేం అనను. సున్నం ఆరేలోపు మళ్ళీ గీస్తాను. ఆయన మళ్ళీ కొట్టిస్తే మళ్ళీ గీస్తాను. అద్దె ఒకటో తారీఖునే ఇస్తున్నాను, నేను చూసుకునే గోడ నాకు నచ్చినట్టు ఉంటుంది."

"కొట్టలేదు మామా. కొట్టనివ్వలేదు. అత్త ఆ గోడకి ఆనుకుని కుర్చీ వేసుకుని కూర్చుంది. ఓనరు అరిచాడు, సామాను బయట పడేస్తానన్నాడు. ఆవిడ చిక్కుడుకాయలు ముందేసుకుని ఈనెలు తీస్తూ, 'ఆయన రెండోది ఇంకా పూర్తి చెయ్యలేదు, అయ్యాక రండి' అంది. లేవలేదు. నేను డబ్బా మూత తియ్యకుండానే వచ్చేశా. ఓనరు విసుగొచ్చి వెళ్ళిపోయాడు."

మామ కళ్ళద్దాలు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నాడు.

"ఎంతసేపు కూర్చుంది?"

"రెండు గంటలు."

"రెండు గంటలు," అన్నాడు మామ డ్రైవరు వైపు తిరిగి. దానికి ఒక్క నిమిషం కూడా కలపలేదు.