ఎముకల పాఠానికి జోడీ

బడి విడిచాక ఏడో తరగతి గదిలో సైన్సు టీచరు ట్యాబ్‌లు సర్దుతోంది. కొత్తగా చేరిన పిల్ల ఒక్కతే ఇంకా బెంచీ మీంచి కదల్లేదు.

“అందరూ ఎముకల పాఠం ఫొటో పంపేశారు. నీదేదమ్మా?”

“ఎదురుగా మనిషి నిలబడితేనే ట్యాబ్ కెమెరాలో వాళ్ల ఒంటి మీద ఎముకల బొమ్మలు కనిపిస్తాయి, టీచర్.”

“ఎవర్నయినా అడగాల్సింది.”

“అడిగాను. అందరికీ జోడీలు కుదిరిపోయాయన్నారు.”

“మరి పీరియడంతా ట్యాబ్ పట్టుకుని ఏదో చేస్తూనే ఉన్నావుగా?”

“కుర్చీకి నా స్వెటర్ తొడిగి చూశాను. ఎన్నిసార్లు పెట్టినా ‘మనిషి కనబడలేదు’ అంటోంది.”

“అయ్యో, పిచ్చితల్లీ! పట్టు, నేను నిలబడతాను.”

“కదలకండి, టీచర్... ఆఁ, వచ్చేశాయి! మీ పక్కటెముకలు ఊగుతున్నాయి.”

“ఊపిరి కూడా పీల్చొద్దంటావా ఏంటి? సరే, ఇటివ్వు. ఇప్పుడు నిన్ను నేను చూస్తాను.”

“నన్నా?”

“నిన్నే. తల పైకెత్తు. ఊఁ, ఏమీ తక్కువ లేదు. అందరికీ ఉన్నవే నీకూ ఉన్నాయి.”

“వచ్చే వారం ఊపిరితిత్తుల పాఠం కదా, టీచర్?”

“అవును, ఏం?”

“ఆ రోజు కూడా మీరు కాసేపు ఆగుతారా?”