పెంటప్ప ఇంటికి మన వంతు

సభకు పెద్దగ కూర్చున్న రాజారాం పాస్టరుగారికి, దాజీ పేట్ సంఘ పెద్దలకు, భవాని పేట్ నుంచి నడిచొచ్చిన అక్కచెల్లెండ్లకు, మన సంఘపోళ్లు కాకున్నా పిలవంగనే వచ్చిన ఇరుగుపొరుగుకు వందనాలు.

ఇరవై తొమ్మిదేండ్లు ఈ సంఘంల బైబిల్ స్త్రీగ, ఇల్లిల్లు తిరిగి వాక్యం చెప్పే పని చేసి ఇయ్యాల దిగిపోతున్న. ఇంతసేపు నా గురించి మంచిగనే చెప్పిన్రు, నాకు ఎన్నడూ కోపం రాలేదని గూడ అన్నరు, ఆ మాటకు ఆదివారం బడి పిల్లలు మాత్రం తలకాయ వంచుకున్నరు. (నవ్వులు) శాలువ కప్పిన్రు, కాదనను. కానీ పోయేముందు ఒక సంగతి చెప్పాలె, అది నాకు గొప్ప తెచ్చేది కాదు.

నాలుగేండ్ల కింద మన గల్లీల పవర్‌లూమ్ నడిపే పెంటప్పకు టీబీ వచ్చింది. అగో, మూడో వరుసల ఉన్నడు, చెప్పమని తనే అన్నడు. సర్కారు దవాఖానల గోలీలు ఇచ్చిన్రు గాని, ఖాళీ కడుపుల పడితె వాంతులైతున్నయని మూడు వారాలకే బంద్ చేసిండు. ఆ ఇంటి గడప ఎవ్వరూ తొక్కకపోతుండె. ఆయన భార్య ద్రౌపది బీడీలు చుడుతది, ఒక ఆదివారం మన గేటు కాడికొచ్చి, "అక్కా, దేవుని రాజ్యం రావాలని మీరు మైకుల అడుగుతరు, మా ఇంటిదాక వినొస్తది. జరా ఒక్కసారి వచ్చి మా ఆయనకు చెప్పున్రి, గోలీలు మింగమని" అన్నది.

నేనేం జేసిన? "ప్రార్థన చేస్తమమ్మా" అని గేటు లోపల్నుంచే పంపించిన. భయం. ఆమెను ముట్టుకోకున్నా ఇంటికి పోయి రెండుసార్లు చేతులు కడుక్కున్న.

ఆ మాట అక్కడ్నే ఉన్న మన సంఘపామె గంగుబాయి విన్నది. ఆమెకు చదువు రాదు, ఎన్నడూ వేదిక ఎక్కలేదు. మర్నాడు పొద్దుగాల జొన్నరొట్టె భాకరి, పప్పు కట్టుకొని పోయి, పెంటప్ప తిని గోలీ మింగేదాక కూసున్నది. వారమైనంక నా దగ్గరికి వచ్చింది. "అక్కా, గోలీలు ఆర్నెల్లు మింగాల్నట, అన్ని దినాలు నేనొక్కదాన్నే పోలేను. మంగళారం నువ్వు వస్తవా, రావా?"

పోయిన. డాక్టరు చెప్పినట్టు ముక్కుకు గుడ్డ కట్టుకొని, కిటికీ తెరిచి కూసున్న. పెంటప్ప సగం భాకరి తిని "చాలు" అన్నడు. "మొత్తం తిను, నాకు గూడ ఇంట్ల పనుంది" అన్న. ఆయన నవ్విండు, తిన్నడు. అటెన్క పదకొండిండ్లోళ్లు వంతులేసుకున్నరు. ఆర్నెల్లకు డాక్టరు, జబ్బు పోయిందన్నడు.

మనోళ్లే కొందరు అడిగిన్రు, "బాప్తిస్మం ఎప్పుడు తీసుకుంటడు?" అని. తీసుకోలేదు. ఇప్పటికీ మార్కండేయుని గుడికే పోతడు. మొదట్ల నాకూ వెలితిగ ఉండె, అబద్ధం చెప్పను. ఇప్పుడు లేదు. రాజ్యం దేవునిది, ఎవరిని ఎప్పుడు పిలుచుకోవాల్నో ఆయనకు తెలుసు. ఆకలైనోని ఇంటికి పోవుడు మాత్రం మనకు అప్పజెప్పిన పని, దాన్ని ప్రార్థన మీద నెట్టి తప్పించుకోవద్దు. నేను తప్పించుకున్న, అందుకే చెప్తున్న.

పోయిన వారం జోడ్‌భావి పేట్‌ల బీడీలు చుట్టే ఒక తల్లికి అదే జబ్బని తెలిసి, నేను వంతుల కాగితం ముందరేసుకొని కూసున్న. పెంటప్ప వచ్చిండు.

"అక్కా, నాకు శుక్రారం రాయున్రి. ఆ గోలీలు ఎంత కష్టమో నాకెరుక."

సంఘం రిజిస్టరుల ఆయన పేరు లేదు. ఆ కాగితం మీద మొదటి పేరు ఆయనదే.

నన్ను ఇన్నేండ్లు ఓర్చుకున్న మీ అందరికీ, ఆనాడు నన్ను నిలదీసిన గంగుబాయికి, తన కష్టం పదిమందిల చెప్పనిచ్చిన పెంటప్పకు, ద్రౌపదికి కృతజ్ఞతలు. కొలువు నుంచి దిగిపోతున్న గాని, ఈ పని నుంచి కాదు. ఆ కాగితం తలుపు కాడ టేబుల్ మీద పెట్టిన, సోమారం, బుధారం ఇంకా ఖాళీగున్నయ్. వంటలైనయని పిలుస్తున్నరు, పాస్టరుగారూ, మీరు ఒప్పుకుంటే, ముందు ఆ రెండు రోజులకు పేర్లు పడనియ్యున్రి, అప్పుడు భోజనాలకు కూసుందం. ఇగ నాకు సెలవు.