బయటి నుంచి కట్టిన గోడ

జనగామ నడిబొడ్డున కాంప్లెక్స్ కోసం తవ్విన సెల్లార్ గుంత. కూలీలు అన్నానికి పోయారు. అడుగున బయటపడ్డ రాతిగదిలో కాలేజీలో చరిత్ర చెప్పే చెల్లెలు, పైన గట్టు మీద అన్న.

“ఏం దొరికింది చెల్లె? లంకెబిందెలా?”

“ఎముకలన్నా. నెమలీకల కుంచె పట్టుకున్న సన్యాసిని బొమ్మ గూడ ఉంది. ఇది జైన సన్యాసినుల మఠం. కాకతీయుల నాటిది.”

“అయితే ఏంది? మాపటికి కాంక్రీట్ పోస్తున్న.”

“జర ఆగు. అవసాన కాలంల వాళ్లు అన్నం నీళ్లు మానేసి పానం ఇడిచేటోళ్లు. అది వాళ్ల వ్రతం. ఈడ గూడ గదే అనుకున్న.”

“ఇష్టంతోనే పోయిన్రు కద మరి!”

“లేదన్నా. వ్రతం పట్టినోళ్ల పక్కన ఎప్పుడూ ఒక మనిషి ఉండాలె, వాకిలి తెరిచే ఉండాలె. గీ వాకిలికి బయటి నుంచి గోడ కట్టిన్రు. ఎముకలన్నీ ఆ గోడ కాడనే కుప్పవడ్డయ్.”

“ఎవరు కట్టిన్రు?”

“మఠం జాగ మీద కన్నేసినోళ్లే అయ్యుంటరు. వ్రతంల పోయిన్రని పైన బొమ్మ చెక్కిచ్చిన్రు.”

“గీ ముచ్చట సర్కారుకు తెలిస్తే నా కాంప్లెక్స్ లేవదు. నేను ఆగమైపోత.”

“చెప్పక తప్పదన్నా.”

“ఎవరికన్న చెప్పినవా?”

“ఇంకా లేదు. కింద సిగ్నల్ లేదు. పైకొచ్చి ఫోన్ చేస్త.”

“ఈడికొచ్చినట్టు బావకు తెలుసా?”

“చెప్పలే. ఎందుకు? అన్నా... నిచ్చెన ఎందుకు పైకి గుంజుతున్నవ్?”