మేడ మెట్ల మీదికి వచ్చేది

నవ్వకక్కా. నేనేం చెప్పినా నీకు నవ్వులాటే. తీసేసినవాళ్లని మళ్లీ పనిలోకి తీసుకునేదాకా మీ గోడౌన్ పై అంతస్తెక్కి కూర్చుంటాం, దిగం, ఆ మెట్లెక్కి ఎవడొస్తాడో చూస్తాం అంటున్నావు చూడు, అది వినే పరుగెత్తుకొచ్చాను.

మనుషులు రారు. మీ కంపెనీవాళ్లు మా ల్యాబ్ నుంచి రోబోని తెప్పిస్తున్నారు.

నేను చేరిన కొత్తలో అది ఉత్త చక్రాల బండి. గడప అడ్డమొస్తే అక్కడే గిరగిరా తిరిగేది. ఇంటికొచ్చి చెబితే నువ్వు పొట్ట పట్టుకుని నవ్వావు. తర్వాత ఆరు కాళ్లు పెట్టారు. ఒక్కో కాలూ ఎత్తి, ఆలోచించి, దించేది. నేను టీ తాగి వచ్చినా గది దాటేది కాదు. ఆ తర్వాత నాలుగు కాళ్లది. పైనుంచి తాడు కట్టి నడిపించేవాళ్లం. తాడు వదిలితే అప్పుడే పుట్టిన దూడలా చతికిలబడేది. జాలేసేది, నిజంగా.

నా పని తోయడమేగా. కర్రతో పొడవడం, కాలితో తన్నడం. పడితే ఇంజనీర్లు ఏదో సరిచేసేవాళ్లు, మళ్లీ తన్నేదాన్ని. ఏళ్ల తరబడి అదే. ఒకరోజు తన్నితే పడలేదు. తూలి, నిలదొక్కుకుని, తన దారిన వెళ్లిపోయింది. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను.

మెట్లా? అది పాత సంగతక్కా. తడి మెట్లు, విరిగిన మెట్లు, చీకట్లో మెట్లు, అన్నీ ఎక్కేస్తోంది. గొళ్లెం కూడా తీస్తుంది.

మొన్న మీ మేనేజర్ వచ్చాడు. అదే, నిన్ను నోరారా అమ్మా అని పిలుస్తాడే, ఆయన. రెండు కాళ్ల కొత్తదాన్ని చూపించారు. నన్ను పెట్టెల వెనక దాక్కోమన్నారు. ఊపిరి బిగబట్టి కూర్చున్నాను. తిన్నగా వచ్చి నా ముందు నిలబడింది. అంతే, ఏమీ చేయలేదు. కర్ర ఎత్తబోయాను. నా చెయ్యి లేవకముందే పక్కకి జరిగింది.

మీ వాడు అడిగింది ఒకటే మాట. "పై అంతస్తుదాకా వస్తుందా?"

వచ్చి ఏం చేస్తుందంటావా? నాకూ తెలీదు. చేతులకి కొత్తగా ఏదో బిగిస్తున్నారు. ఆ గదిలోకి నన్ను రానివ్వడం లేదు.

ఆగవా? పోనీ ఒక్క పూట?

సరే. ఆగవని తెలిసే వచ్చాను. జరుగు, చెప్పులేసుకోనీ. నేనూ వస్తాను. ఇన్నేళ్లూ జీతం కోసం తోశాను, మీ మెట్ల మీద నిలబడి ఒక్కసారి నా కోసం తోస్తాను.

పడదులే. ఆ సంగతి నాకంటే ఎవరికి తెలుసు? పద.