గేటు ముందు మంట

మేడ మీద ఆడిటర్ గది. బల్లకు అవతల ఆడిటర్. ఇవతల, ఎప్పుడో మూతపడ్డ మిల్లులో సంఘం నడిపిన ముసలాయన, ఆయన భార్య. ఆమె కూర్చుంది. ఆయన కూర్చోలేదు.

"కూర్చోండి. కుర్చీ ఏం పాపం చేసింది?"

"నిలబడే వింటాను. ఈ గదిలో కూర్చోను."

"మెట్లెక్కి వచ్చారు బాబాయ్, కాసేపు..."

"నన్ను బాబాయ్ అనకు. మీ నాన్న టైమ్ కీపర్. సమ్మెలో నా కరపత్రాలు కట్టలకి కట్టలు కొట్టేసి మేనేజర్‌కి అప్పజెప్పినవాడు. అవి మా ఇంట్లోంచి మాయమైన రోజునుంచి మీ గడప తొక్కలేదు నేను."

"పోయేదాకా తను తియ్యలేదనే చెప్పాడు బాబాయ్."

"దొంగ ఏనాడు ఒప్పుకున్నాడు కనక."

"అబ్బ, ఆ కరపత్రాల గోల ఇప్పుడెందుకండీ. బాబూ, నువ్వు కాగితం చూడు."

"ఏది పిన్నీ, ఖాళీ చెయ్యమని ఇచ్చిన నోటీసేనా?"

"నోటీసు అందరికీ వచ్చిందే. నెలాఖరులోగా మిల్లు ఇళ్ళు వదిలి పొమ్మని. అది కాదు. ఇది."

"ఇదేంటి? ఇటివ్వు. ఇది... ఇది మిల్లువాడిచ్చిన వాటా కాగితం."

"అవును."

"నా పేరే ఉంది."

"మీదే కదా మరి."

"నేను దీన్ని తగలబెట్టాను. సమ్మెలో, గేటు ముందు, పీపాలో, అందరి కళ్ళముందూ. మిల్లువాడు వాటాలిచ్చిన కవర్లలో మొదట వేసింది నాదే."

"వేశారు. కవరే వేశారు. కాగితం అంతకుముందే తీసేశాను నేను."

"ఖాళీ కవరు పట్టుకుని అంత ఉపన్యాసం ఇచ్చానా?"

"ఖాళీది ఎందుకు పెడతాను. చేతికి బరువు తెలిసిపోదూ."

"ఏం పెట్టావు అందులో?"

"ఏదో కాగితం. బాబూ, నువ్వు చెప్పు, దీనికి విలువుందా లేదా?"

"చింపెయ్ దాన్ని. విలువుంటే మరీ ముందు చింపెయ్. అందరిచేతా తగలబెట్టించి తనది మాత్రం పెళ్ళాం పెట్టెలో దాచుకున్నాడంటారు. మిల్లు ఇళ్ళ లైన్లలో తలెత్తుకు తిరగాలా వద్దా నేను?"

"తిరగడానికి ముందు లైన్లు ఉండాలిగా. కాస్త చెప్పనివ్వండి ఆ అబ్బాయిని."

"చూశాను పిన్నీ. బకాయి జీతాల బదులు ఇచ్చిన వాటాలివి. బజార్లో అమ్ముదామంటే చిల్లిగవ్వ రాదు. కొనేవాడు లేడు."

"విన్నావా. చిత్తుకాగితం అని ఆనాడే అన్నాను. కష్టానికి కూలి అడిగితే బొమ్మలేసిన కాగితం చేతిలో పెట్టారు, ఇది మనకు అవమానం, తగలబెట్టండి అన్నాను. ఇవాళ చదువుకున్నవాడు కూడా అదే అంటున్నాడు."

"సగమే అన్నాను బాబాయ్. చచ్చింది మిల్లు. కంపెనీ బతికే ఉంది. ఆస్తల్లా మీ ఇళ్ళున్న ఆ స్థలమే."

"తెలుసు. అమ్మేస్తున్నాడు."

"అమ్మాలంటే వాటాదార్లు ఒప్పుకోవాలి. ఈ సోమవారమే మీటింగు. పడ్డ ఓట్లలో నాలుగింట మూడొంతులు అవునని పడాలి."

"వాడి చేతిలో ఉన్నవెన్ని?"

"మూడింట రెండొంతులు."

"చాలవుగా."

"చాలవు. కానీ మిగతా మూడో వంతు వాళ్ళు ఎవరూ రారు కదా. వచ్చినవాళ్ళ ఓట్లే లెక్క."

"ఎవరు ఆ మూడో వంతు?"

"మీరే బాబాయ్."

"ఏంటి?"

"మీ మిల్లోళ్ళు. జీతాల బదులు పంచిన వాటాలన్నీ కలిపితే అంత అవుతుంది."

"అయితే వస్తాం. అందరం వస్తాం. చచ్చినవాళ్ళ తరఫున వాళ్ళ ఆడవాళ్ళొస్తారు. వాటాల పుస్తకంలో మా పేర్లుంటాయిగా."

"పుస్తకం చెదలు తినేశాయంటున్నారు."

"చెదలకి ఆ పుస్తకమే దొరికిందా?"

"ఆఫీసులో మిగతా పుస్తకాలన్నీ శుభ్రంగానే ఉన్నాయి. అందుకని కాగితం చూపించినవాడికే ఓటు అని పెట్టారు. కార్మికుల దగ్గర ఒక్క కాగితం కూడా లేదని వాళ్ళకి బాగా తెలుసు. ఆ రోజు వాళ్ళ మనిషి కూడా ఉన్నాడుగా గేటు దగ్గర, కళ్ళారా చూశాడు."

"అందరివీ ఉండి ఉంటే, బాబూ?"

"ఉంటే అమ్మకం ఆగిపోయేది పిన్నీ. ఈ ఒక్కదానితో ఏమీ ఆగదు. కానీ..."

"కానీ ఏంటి? మింగకు. చెప్పు."

"ఏం లేదులెండి."

"ఇంతమంది కొంపలకి నిప్పు పెట్టింది నువ్వేనయ్యా అని చెప్పు. నా మొహం చూసి చెప్పు."

"నేను అనలేదు బాబాయ్."

"నేను అంటున్నాను. మిల్లువాడు మా చేతికి కత్తి ఇస్తే అది కత్తని తెలీక కొలిమిలో పారేశాను. పైగా చప్పట్లు కొట్టించుకున్నాను."

"కూర్చున్నారా. మంచిది. లేకపోతే మోకాళ్ళు మళ్ళీ రాత్రంతా సలుపుతాయి."

"నీకు నవ్వులాటగా ఉందా?"

"లేదు. ఒకటి అడుగుతాను చెప్పండి. ఆనాడు ఇంటింటికీ తిరిగి కవర్లు పోగుచేసి తెచ్చిందెవరు?"

"నువ్వు. లైన్ల ఆడవాళ్ళు. నేనే చెయ్యమన్నాను."

"రాత్రి కూర్చుని అన్నిటికీ బంక రాసి అంటించిందెవరు?"

"మీ ఆడవాళ్ళే."

"కాల్చేసే కవర్లకి బంక ఎందుకే అని ఒక్కసారైనా అడిగారా? అడగలేదు. ఉపన్యాసం బట్టీ పడుతున్నారు అప్పుడు."

"నువ్వు చెప్పేది... అందరివీనా?"

"అందరివీ కాదు. క్యాంటీన్ వంటాయనకి అప్పటికి పెళ్ళి కాలేదు. ఆయనది మాత్రం నిజంగానే కాలింది."

"పిన్నీ, నిజం చెప్పు. అవన్నీ ఉన్నాయా?"

"జీతం బదులు ఇచ్చింది జీతమే కదా బాబూ. జీతం ఎవరైనా తగలబెడతారా. పిల్లల పరుపుల కింద, బియ్యం డబ్బాల్లో, ఎవరిది వాళ్ళు దాచుకున్నాం. మగాళ్ళకి చెప్పకూడదని ఒట్టేసుకున్నాం."

"ఇన్నేళ్ళు. పక్కలో పడుకుని, ఇన్నేళ్ళు నాకు చెప్పలేదు నువ్వు."

"చెప్తే మళ్ళీ తగలబెట్టేవాళ్ళు. కాదంటారా?"

"తగలబెట్టేవాణ్ణే."

"ఇప్పుడు తెమ్మంటే తేగలరా పిన్నీ? సోమవారానికల్లా ఒక్కొక్కటీ చూసి, పేరు సరిచూసి పెట్టాలి."

"తెచ్చారు. కింద మెట్ల మీద కూర్చున్నారు అందరూ. ముందు ఈయన చెవిన వేసి, ఆ మాట ఈయన నోటే చెప్పిద్దామని ఆపాను. ఎంతైనా నాయకుడు కదా."

"రమ్మను పిన్నీ. బాబాయ్, మీరు ముందుండాలి. మీటింగులో మాట్లాడేది మీరే."

"ఉంటాను. ఆగు, ఒక్క సంగతి. ఆ మంట చాలాసేపు మండింది. కవర్లన్నీ లావుగా ఉన్నాయి, నా చేత్తో పట్టుకుని వేశాను. అన్ని కవర్లలో పెట్టడానికి మీకు అంత కాగితం ఎక్కడ దొరికింది?"

"ఒక్క ఇంట్లోనే దొరికింది లెండి. మంచం కింద, కట్టలు కట్టి."

"ఎవరింట్లో?"

"లేవండి. వాళ్ళు పైకొచ్చేలోగా ఈ అబ్బాయి చెయ్యి పట్టుకుని, మీ నాన్న దొంగ కాదురా అని చెప్పండి."