మూరెడు కీబోర్డు

ఉరుముల మాస్టారికి కోపం వచ్చిన రోజు టీ తాగడం ఉండదు. గ్లాసు పట్టుకున్న చేతినే ఊపుతూ మాట్లాడతాడు కాబట్టి సగం నేలపాలవుతుంది, మిగతా సగం చల్లారిపోతుంది. ఆ మధ్యాహ్నం మేనకోడలిని వెంటబెట్టుకుని బస్టాపు ఎదురుగా మెట్ల కింద ఉన్న టీ కొట్టుకి వచ్చేసరికే అతని ముఖం కందగడ్డలా ఉంది. బల్ల మీద సర్దుకుని కూర్చోకముందే మొదలెట్టాడు.

"మనిషిని చూస్తే తెలియదా? చేతులు చూస్తే తెలియదా? నాకా వాడు బొమ్మ చూపించేది?"

పక్క కొట్లో బట్టలు కుట్టే దర్జీ, చెవిలో పెన్సిలు చెవిలో ఉండగానే ఇటు తిరిగి కూర్చున్నాడు. టీ కొట్టు అక్క పొయ్యి మంట తగ్గించింది. మాస్టారు మొదలెట్టాడంటే తొందరగా తెమలదని ఇద్దరికీ తెలుసు.

ఒకప్పుడు ఆయన పెళ్ళిళ్ళకీ ఫంక్షన్లకీ తిరిగే పెద్ద ఆర్కెస్ట్రాలో కీబోర్డు వాయించేవాడు. స్టేజీ మీద మిగతావాళ్ళ మోత ఒక ఎత్తు, ఈయన స్పీకరు ఒక ఎత్తు. అందుకే ఆ పేరొచ్చింది. తరవాత జనం రికార్డు చేసిన పాటలు పెట్టుకుని పని కానిచ్చేయడం మొదలెట్టారు, ఆర్కెస్ట్రా చెట్టుకొకరు పుట్టకొకరు అయిపోయింది. ఇప్పుడు ఇంటి ముందు గదిలో పిల్లలకి పాఠాలు చెబుతున్నాడు.

మేనకోడలు పగలంతా పళ్ళ డాక్టరు దగ్గర ఫోన్లు ఎత్తుతుంది, సాయంత్రం ఇంటికొచ్చి కంప్యూటర్లో సంగీతం కడుతుంది. ఇన్నాళ్ళూ మౌసుతో ఒక్కో స్వరాన్నీ గడిలో పెట్టుకుంటూ నెట్టుకొచ్చింది. ఈమధ్య ఒక నాటక బృందం వాళ్ళు తమ కొత్త నాటకానికి సంగీతం చెయ్యమన్నారు. బయటివాళ్ళు ఆమెని అడగడం అదే మొదటిసారి. చేసి వినిపిస్తే, అన్నీ బాగానే ఉన్నాయమ్మా, కానీ మనిషి వాయించినట్టు లేదు, కీ ఇచ్చిన బొమ్మ నడిచినట్టుంది అన్నారు. వేళ్ళతో వాయిస్తే తప్ప లాభం లేదని ఆమెకీ తెలుసు. మిడి కీబోర్డు అంటారే, వైరుతో కంప్యూటరుకి తగిలిస్తే మెట్లని, అంటే కీలని, మనం ఎంత మెత్తగా నొక్కామో ఎంత గట్టిగా నొక్కామో దానికి చెబుతుంది, మోత మాత్రం కంప్యూటరుదే. అలాంటిది చిన్నది ఒకటి కావాలి. ఎందుకు చిన్నదంటే, వాళ్ళింట్లో ఆమె బల్ల వంటింటి కిటికీకీ ఫ్రిజ్జుకీ మధ్యన ఇరుక్కుని ఉంది. కంప్యూటరు పెట్టగా మిగిలేది మూరెడు చోటు. ఏది కొనాలో తనకొక అంచనా ఉన్నా, వాయించే చెయ్యి ఒకటి పక్కనుంటే మంచిదని వాయిద్యాల షాపుకి మామయ్యని తోడు పిలిచింది.

అదే పొరపాటైందని ఇప్పుడు బల్ల చివర కూర్చుని అనుకుంటోంది.

షాపువాడు తీసి చూపించింది ఇరవయ్యయిదు మెట్ల డబ్బా అట. చూడగానే మాస్టారికి అరికాలి మంట నెత్తికెక్కిందట. దీని స్పీకరు ఏదయ్యా అంటే దీనికి స్పీకరు ఉండదు అన్నాడట. మోత లేని వాయిద్యం అమ్ముతున్నావా, రేపు చక్రాల్లేని బండి కూడా అమ్ముతావా అని తను నిలదీశాడట. పైగా ఆ మెట్లు ఎంతున్నాయి? చంటిపిల్లల పాలపళ్ళంత ఉన్నాయి. మాస్టారు చూపుడువేలు పెడితే మూడు మెట్లు ఒకేసారి దిగాయట.

"అంటే ఒక్కో వేలికి మూడు స్వరాలు," అన్నాడు మాస్టారు. "పది వేళ్ళూ ఆనిస్తే ముప్ఫై. డబ్బాలో ఉన్నవి ఇరవయ్యయిదు. మిగిలిన అయిదు స్వరాలూ నీ నెత్తిన పెట్టుకోనా అని అడిగాను. అడిగితే ఏమన్నాడో తెలుసా?"

"ఏమన్నాడు?" అంది అక్క.

"నోట మాట లేదు."

దర్జీ తల ఊపాడు. నిజమే, చిన్న మెట్ల మీద పెద్ద చేతులు పట్టవని, పసిపిల్ల జుబ్బాకి పెద్దవాడి కాలరు వేసినట్టే ఉంటుందని అన్నాడు. ఆ మాత్రం ఊతం చాలు మాస్టారికి.

సరే, ఇంతదూరం వచ్చాం కదా అని ఒక మెట్టు మెత్తగా, ఈగ వాలినట్టు నొక్కాడట. నొక్కీనొక్కగానే గోడకి వేలాడదీసిన గిటార్లన్నీ ఎవరూ ముట్టుకోకుండా వాటంతటవే ఝుమ్మన్నాయట. రెండో మెట్టు కాస్త ఒత్తితే మూల నిలబెట్టిన డ్రమ్ములు కదిలి ముందుకొచ్చాయట. షాపువాడి చేతిలో తుడిచే గుడ్డ జారిపోయిందట.

"ఇది పక్కనే ఉంది," అని మేనకోడలి వైపు గ్లాసు ఊపాడు. "పాపం దీనికేం తెలుసు. నోరు తెరుచుకుని చూస్తూ నిలబడింది."

మేనకోడలు నోరు మూసుకునే ఉంది. పళ్ళు బిగించుకుని మరీ మూసుకుంది. అసలు జరిగిందేమిటో ఆమెకి తెలుసు. అది చెప్పకూడదని షాపు నుంచి నడిచొచ్చే దారిలోనే గట్టిగా అనుకుంది. చెబితే పోయేది మామయ్య పరువు. కానీ తనకేం తెలియదన్న మాట మాత్రం ముల్లులా దిగింది. మెట్లు చిన్నవయితే వేళ్ళు తడబడతాయని, పెద్దవయితే బల్ల మీద పట్టదని, కాలితో నొక్కే పెడల్ తగిలించే కన్నం ఉండాలని ఆమె ఎన్ని వీడియోలు చూసిందో, ఎంతమందిని అడిగిందో అతనికి తెలియదు. అడగనే లేదు.

మాస్టారు ఈలోగా స్థాయిల దగ్గరికి వచ్చాడు. ఆ డబ్బాకి పక్కన రెండు బొత్తాలుంటాయి. మెట్లు తక్కువ కాబట్టి ఒకటి నొక్కితే స్వరాలన్నీ ఒక స్థాయి పైకి పోతాయి, ఇంకోటి నొక్కితే కిందికి దిగుతాయి. పైకి పోయే బొత్తాం నొక్కాడట. మళ్ళీ నొక్కాడట. నొక్కగా నొక్కగా స్వరం మనిషి చెవికి అందనంత పైకి పోయింది. షాపులో నిశ్శబ్దం. అయిపోయింది కదా అనుకుంటున్నారు అందరూ.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? బయటికి చూస్తే ఊళ్ళో కుక్కలన్నీ అద్దాల తలుపు ముందు వరసగా కూర్చున్నాయి. ఒక్కటీ మొరగలేదు. కళ్ళు మూసుకుని వింటున్నాయి."

"వీధి కుక్కలేనా?" అన్నాడు దర్జీ.

"పెంపుడువి కూడా. గొలుసులు పట్టుకున్న మనుషులు వాటి వెనకే వచ్చారు."

అక్క కొంగుతో నోరు కప్పుకుంది. మాస్టారు పట్టించుకోలేదు. అతని కోపం నిజమైన కోపం, అది మాత్రం ఎవరూ కాదనలేరు. మాట మాటకీ టీ చిందుతోంది. పైకి పోతే కుక్కలకి తప్ప వినపడలేదు కదా అని కిందికి దించే బొత్తాం పట్టుకున్నాడట. ఒక్కో స్థాయీ దిగుతుంటే నేల మీది పలకలు కదిలాయట. మేడ మీద బ్యాంకులో పనిచేసేవాళ్ళు భూకంపమనుకుని కుర్చీలు నెత్తిన పెట్టుకుని దిగొచ్చారట. లిఫ్టు ఎవరూ పిలవకుండా తనే కిందికొచ్చి, తలుపు తెరుచుకుని, పాట అయ్యేదాకా మూసుకోలేదట. రోడ్డు మీద బస్సులన్నీ ఆగిపోయి, ఇంజన్లు మాత్రం తాళం తప్పకుండా ఆయనకి వంత పాడాయట.

ఇంతలో షాపులో ఫోను మోగిందట. చేసింది ఎవరు? ఆ డబ్బా తయారుచేసే కంపెనీ పెద్ద. సముద్రాల అవతల తమ గోదాములో అట్టపెట్టెల్లో మూసిపెట్టిన కీబోర్డులన్నీ ఉన్నట్టుండి మోగుతున్నాయని, మీ దగ్గర ఎవరో మహానుభావుడు వాయిస్తున్నట్టున్నాడు, దయచేసి ఆపమనండి అని బతిమాలాడట.

"ఆపనన్నాను," అన్నాడు మాస్టారు. "నన్ను ఆపమనడానికి వాడెవడు? నేను వాయిస్తుంటే మధ్యలో ఆపడానికి ఎవడికైనా ఏం హక్కుంది?"

ఆ మాట దగ్గర అతని గొంతు ఒక్క క్షణం కోతల దారి తప్పింది. మేనకోడలు తలెత్తి చూసింది. కానీ అతను వెంటనే సర్దుకుని, షాపువాడు కాళ్ళ మీద పడి షాపు తాళాలు చేతిలో పెట్టాడని, మీకు నచ్చింది ఏదైనా తీసుకెళ్ళండి మాస్టారూ అన్నాడని చెప్పి ముగించాడు.

దర్జీ చెవిలోంచి పెన్సిలు తీశాడు. బల్ల మీద చూశాడు, బల్ల కింద చూశాడు, మేనకోడలి ఖాళీ చేతులు చూశాడు.

"మరి డబ్బా ఏదండీ?"

మాస్టారు చల్లారిన టీ ఒక గుక్క మింగాడు.

"దీనికి నచ్చలేదు," అన్నాడు. "రంగు బాగాలేదంది. ఆడపిల్లలకి రంగే కదా ముఖ్యం."

మేనకోడలికి చెవులు వేడెక్కాయి. దారిలో అనుకున్నదంతా దారిలోనే పోయింది.

"మామయ్యా, నువ్వు షాపు కంప్యూటరుకి తగిలించిన హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వాయించావు," అంది. "షాపులో ఒక్కరికీ ఒక్క స్వరం వినపడలేదు. మా అందరికీ వినపడిందల్లా నువ్వు తీసిన కూనిరాగమే. అది కూడా శ్రుతిలో లేదు."

అక్క ఇక ఆపుకోలేకపోయింది. దర్జీ భుజాలు ఊగిపోయాయి. అయితే ఆ కుక్కలు కూనిరాగానికే వచ్చుంటాయి అన్నాడు. నవ్వులు కాస్త తగ్గాక చూస్తే మాస్టారు గ్లాసు అడుగు చూస్తున్నాడు, మేనకోడలు నవ్వడం లేదు.

మొదలెట్టాక ఆపడం ఆమె వల్ల కాలేదు. మిగతాది కూడా చెప్పేసింది. ఎవరో కొనేవాళ్ళు వచ్చారని, కళ్ళు మూసుకుని వాయిస్తున్న మనిషి తల మీంచి హెడ్‌ఫోన్స్ షాపువాడు లాగేశాడు. పాట మధ్యలో. చాలు తాతా, ఇవి ఆడుకునేవి కావు అన్నాడు. అప్పటికే ఆమె తనకి కావలసింది ఎంచుకుంది. ముప్ఫయ్యేడు మెట్లది, మెట్లు మరీ చిన్నవీ కావు, బల్ల మీద సరిగ్గా పడుతుంది, పెడల్‌కి కన్నం ఉంది. దాన్ని పెట్టెలో సర్ది కౌంటరు మీద కూడా పెట్టారు. ఆ హెడ్‌ఫోన్స్ మళ్ళీ ఆయనకి పెట్టండి, పాట పూర్తవ్వాలి అని ఆమె అడిగింది. వాడు నవ్వాడు.

"నేను ఒక్క మెట్టయినా నొక్కి చూడలేదు మామయ్యా. నువ్వు కుర్చీలోంచి లేవలేదు, నేను లేపలేదు. అయినా అది అక్కడే వదిలేసి వచ్చాను. రంగు నచ్చక కాదు."

అక్క మాస్టారి చేతిలోంచి గ్లాసు తీసుకుని పారబోసి, వేడి టీ పోసి ఇచ్చింది. ఈసారి అతను చెయ్యి ఊపకుండా, చివరిదాకా తాగాడు.

"వయొలిన్లు వచ్చాయే అందులో," అన్నాడు, మేనకోడలితో మాత్రమే. "ఒకటా రెండా, నిండుగా. మా ఆర్కెస్ట్రాలో ఉండేవే, అలా. చరణంలోకి వచ్చాను, అప్పుడు లాగాడు."

"తెలుసు," అంది ఆమె. "నీ వేళ్ళు చూస్తూనే ఉన్నాను."

ఇంకో షాపు ఉందని, ఎర్ర భవనం పక్క సందులోనని, అక్కడ పనిచేసే అమ్మాయి నెమ్మదస్తురాలని దర్జీ చెప్పాడు. మాస్టారు లేచి చొక్కా సర్దుకున్నాడు.

"పద. ఈసారి నువ్వు కూర్చో. నేను వెనక నిలబడతాను." రెండడుగులు వేసి ఆగాడు. ముఖం మళ్ళీ ఎర్రబడింది. "నువ్వు వాయిస్తుండగా ఎవడైనా నీ చెవుల మీద చెయ్యి వెయ్యనీ, అప్పుడు చెబుతాను నేనెవరో."

వాళ్ళు సందు తిరిగేదాకా చూసి, దర్జీ పెన్సిలు మళ్ళీ చెవిలో పెట్టుకుని కుట్టుపనికి లేచాడు.