ఊరికే ఇచ్చేది

సూరత్, నవాగామ్. 1997 జూన్, ఒక మధ్యాహ్నం. హారతి గుమ్మం ముందు కూర్చొని, కూలికి తెచ్చిన చీరకు మెరిసే టిక్కీలు అంటిస్తోంది. పక్క గదిలో ఉండే చిన్నాన్న కూతురు సింధూజ చేతిలో కాగితంతో వచ్చి నిలబడింది. ఇద్దరూ ఈ ఏడే పన్నెండో తరగతి పాసయ్యారు.

"ఇంకెన్ని రోజులు నాతోని మాట్లాడకుంట ఉంటవ్, అక్కా?"

"మాట్లాడుతున్న గదా."

"పొద్దుగాల నల్ల కాడ పిలిస్తె బిందె ఎత్తుకొని పోయినవ్."

"ఇనవడలే."

"ఇనవడ్డది."

"నీ నీడ చీర మీద పడుతున్నది సిందూ. జర జరుగు."

"ఒక్క కాగితం చదివి పెట్టు. నా తెలుగు రాత ఎట్లుంటదో నీకు తెలుసు గదా."

"తొమ్మిది వేల స్కాలర్‌షిప్ వచ్చిన పిల్లవు. నీకు నేను చదివి పెట్టాల్నా?"

"గదే, గదే. గా తొమ్మిది వేలకే నువ్వు మొఖం తిప్పుకుంటున్నవ్."

"నాకెందుకు? మీ బాపు గల్లీ అంత కోవా పేండాలు పంచిండు. నేను గుడ ఒకటి తిన్న."

"తినలే. కుక్కకేసినవ్. నేను సూసిన."

"మెత్తవడ్డది. అందుకే ఏసిన."

"సూరత్‌ల ప్లేగు వచ్చిన యేడు మన ఊరికి ఉరికినప్పుడు, రైల్ల రాత్రంత నీ భుజం మీదనే పడుకున్న నేను. ఇప్పుడు ఒక్క కాలేజీ చిట్ఠీకే గిట్లయితవా?"

"అయిత. ఎందుకు కాను? నీకంటె నాకు ఇరవై మార్కులు ఎక్కువ. ఒక్కటే కాలేజీ, ఒక్క దినమే పోయి అర్జీ ఇచ్చి వచ్చినం. మీ బాపు, మా బాపు ఒక్క సేటు కాడనే బట్ట నేసే సాంచెలు నడుపుతరు. నీకు తొమ్మిది, నాకు నాలుగు. ఏం సూసి ఇచ్చిండ్రే నీకు? నీ తెల్ల మొఖం సూసా?"

"నాకేం తెలుసు అక్కా?"

"నీకేం తెల్వది. మా అమ్మ పొద్దుగాల లేస్తె ఒక్కటే పాట. సిందు తొమ్మిది, హారతి నాలుగు. సిందు తొమ్మిది, హారతి నాలుగు. రొట్టె పెట్టుకుంట గుడ గదే."

"ఇయ్యాల బాపు, నేను కాలేజీకి పోయొచ్చినం."

"పోతవ్. నీది కాలేజీ."

"ఇను జర. ఆడ బాండు మీద సంతకం పెట్టుమన్నరు. జామీనుకు మనిషి కావాలన్నరు."

"స్కాలర్‌షిప్‌కు జామీనెందుకే?"

"బాపు గుడ గట్లనే లొల్లి పెట్టిండు. ఆఫీసు మేడం ఏమో, చిట్ఠీల అంత రాసే ఉన్నది, సదువుకోవద్దా అన్నది. యాడున్నదన్న నేను. పైన పెద్దగ ఒక్కటే అంకె. అన్నీ కూడేసి 'మొత్తం సహాయం' అని. కింద ఇంగ్లీషుల చీమలంత అక్షరాలు. బాపు ఏం సదువుతడు? అయితె నువ్వే అందరికి సమజయ్యేటట్టు రాసి తే, వచ్చే యేడు సంది గట్లనే అచ్చేపిస్త అన్నది మేడం. గుజరాతీల రాసిన. మనోళ్ళ కోసం తెలుగుల గుడ రాసిన."

"నిన్నే రాయమన్నదా?"

"ఆడ నేనే ఉన్న గదా."

"అవ్. అన్నిట్ల నువ్వే ఉంటవ్. తే ఇటు. ఛీ, అక్షరాలు గిట్లనా రాసేది? 'సింధూజకు ఈ యేడు వచ్చేటివి. ఒకటి, ఆరు వేల సహాయం. చదువు అయినంక వడ్డీతోని తిరిగి కట్టాలె.' తిరిగి కట్టేది సహాయం ఎట్లయితదే?"

"మేడం గట్లనే అంటది."

"మేడం అంటె అననీ. సహాయం కొట్టేసి అప్పు అని రాయి. మా అమ్మకు సదివి ఇనిపిస్తె ఒక్క తాపకే తెల్వాలె. అప్పు. ఆగు ఆగు. ఆరు వేలు అప్పా? నీదా?"

"నాదే. ఇంక సదువు."

"'రెండు, రెండు వేలు. రోజు సాయంత్రం లైబ్రరీల పని చేస్తేనే ఇస్తరు.' గిది కూలి గదనే!"

"కూలే."

"మరి కూలి అని రాయి. 'మూడు, వెయ్యి. ఊరికే ఇచ్చేది. ఈ ఒక్క యేడే.' వెయ్యేనా? తొమ్మిదిల ఊరికే ఇచ్చేది వెయ్యేనా?"

"వెయ్యే."

"అయ్యో."

"నవ్వుతున్నవ్ అక్కా."

"నవ్వుతలే."

"పెదవి కొరుక్కుంటున్నవ్."

"మస్తు దినాల సంది నిద్ర లేదే నాకు. జర నవ్వనీయ్."

"నవ్వు. నవ్వినంక కాగితం తిప్పి సదువు. ఎనక ఇంకో పిల్లది రాసిన."

"'నాలుగు వేలు. ఊరికే ఇచ్చేది. తిరిగి కట్టేది లేదు. పని చేసేది లేదు. పాసయితె మూడేండ్లు ఏటేటా ఇస్తరు.' గిది మంచిగ రాసినవ్. గిట్ల రాస్తె ఎవ్వలకన్న తెలుస్తది. ఎవరిదే గిది? ఎవరికే గంత నసీబు?"

"జర కూసుంట, జరుగు."

"ఎవరిది సిందూ?"

"నీదే."

"నాకొచ్చిన చిట్ఠీల గిట్ల లేదు."

"ఉన్నది. కింద, చీమలంత అక్షరాలల్ల."

"నేను కిందిదాంక సదువనే లేదు. నాలుగు కనవడంగనే నీ తొమ్మిది యాదికొచ్చింది. ఇంక కండ్లు ముందుకు పోలే."

"యాడున్నది ఇప్పుడు ఆ చిట్ఠీ?"

"లోపట, పెట్టెల."

"పెట్టెల లేదు. దాని మీద అడ్డంగ 'వద్దు' అని రాసి కాలేజీకి తిప్పి పంపినవ్. మేడం బల్ల మీద సూసిన నేను. నీ సంతకం నాకు తెల్వదా?"

"మా అమ్మకు చెప్పినవా?"

"లే."

"చెప్పకు. కోసి కారం పెడతది."

"ఎందుకు వద్దన్నవ్ అక్కా?"

"నీ పక్కకు నాలుగు వేల పిల్ల లెక్క కూసునుడా, మూడేండ్లు? గంతకంటె టిక్కీలంటించుకునుడే మేలనిపించింది. నీ తోని బస్సెక్కుడు గుడ వద్దనిపించింది. సిందూ, అది ఇంక రాదా నాకు?"

"నీ తర్వాత లిస్టుల ఉన్న పిల్లకు రాసిండ్రు. ఇయ్యాల పొద్దుగాల్నే. ఆమె సరే అన్నది."

"అంటది మరి. ఎందుకనది?"

"ఐదింటి లోపల ఆమె వచ్చి వద్దని రాసిస్తె, నువ్వు గుడ వచ్చి కావాలని రాసిస్తె, నీది నీకే ఇస్తరట. మేడంను అడిగిన."

"ఎవరామె? ఎందుకు వద్దంటది? ఊరికే వచ్చే పైసలు, మూడేండ్లు. నేనైతె సచ్చినా ఇడువ."

"నీకు ఊరికే వచ్చిందని తెల్వంగనే ఆమెకు గుడ కండ్లు మండినయి అక్కా. మేడం అడుగుడు గుడ కాలే, ఆమె సరే సరే అన్నది. బయటికొచ్చి బస్సెక్కినంక పాణం ఒక్క తీరు ఉండలే, దిగి మల్ల మేడం కాడికి పోయింది."

"నీకు చెప్పుకున్నదా ఇదంత? నీకెట్ల తెలుసు ఆమె? యాడుంటది? భేస్తాన్ పిల్లనా?"

"నవాగామే."

"నవాగామ్‌ల ఎవరే? పా, ఇప్పుడే పోయి కాళ్ళు పట్టుకుంట."

"నా కాళ్ళెందుకు పడతవ్ అక్కా? చెప్పులేసుకో. బస్సు పోతది."